ఎడమ పక్షము, కుడి పక్షము – మగ్గమువారికి ఒక వివరణ

ఎన్నికల కాలము వచ్చినదంటే మన నేతవీధులలో రెండు మాటలు తరచుగా వినబడుతూ ఉంటవి. ఒకరిని వామపక్షమువారంటారు, ఇంకొకరిని కుడిపక్షమువారంటారు. కన్నడ పత్రికలలో ఎడపంథీయ, బలపంథీయ అని వ్రాస్తారు. మన కుర్రవాళ్ళు లెఫ్టు, రైటు అంటారు. మాట పాకినంతగా అర్థము పాకలేదు. మొన్న సంఘపు అరుగు మీద కూర్చున్నప్పుడు ఒక పెద్దాయన, "ఏమబ్బా, ఇంతకూ మనము కుడివాళ్ళమా, ఎడమవాళ్ళమా?" అని నన్ను అడిగినారు. వెంటనే జవాబు చెప్పలేకపోయినాను. ఆ జవాబు వెతుకుతూ వ్రాసినదే ఇది.

మొదట ఒక చిక్కు విడదీయవలెను. కోలారు సీమలో కుడి, ఎడమ అనగానే పెద్దలకు పూర్వపు కుడిచేతి కులాలు, ఎడమచేతి కులాల తగవులు జ్ఞాపకము వస్తవి. ఊరేగింపు ఏ వీధిన పోవలెను, ఎవరికి ఏ మర్యాద ఉండవలెను అని కొట్లాడుకొన్న ఆ విభజన దక్షిణదేశమున చాలాకాలము సాగినది. నేటికీ కర్ణాటకలో షెడ్యూల్డు కులాల లోపలి రిజర్వేషను పంపకమును గురించి మాట్లాడేటప్పుడు ఎడగై, బలగై అన్న పేర్లే వాడుతున్నారు. రాజకీయాలలోని కుడి ఎడమలు దానినుండి పుట్టినవి కావు. ఎడమచెయ్యి మంచిది కాదన్న ఇంటి నమ్మకానికీ వీటికీ సంబంధము లేదు. వామ అన్న మాటకు సంస్కృతమున ఎడమ అనే గాక అందమైనది అనే అర్థము కూడ ఉన్నది గాని, ఆ పార్టీవారు అది చెప్పుకొనగా నేనెన్నడూ వినలేదు.

ఈ పేర్లు ఫ్రాన్సు దేశమునుండి వచ్చినవి. 1789 లో అక్కడ విప్లవము వచ్చినప్పుడు పారిసుకు దగ్గరనున్న వెర్సయిలో ప్రతినిధుల సభ కూడి రాజ్యాంగము వ్రాయ మొదలుపెట్టినది. సభ చేసిన చట్టమును కాదనే అధికారము రాజుకు ఉండవలెనా, వద్దా అని ఆ ఏడు ఆగస్టు, సెప్టెంబరు నెలలలో పెద్ద వాదము నడిచినది. రాజు అధికారము, పాత మర్యాదలు నిలవవలెనన్నవారు అధ్యక్షునికి కుడివైపున చేరినారు. రాజు చేతులు కట్టివేయవలెనన్నవారు ఎడమవైపున చేరినారు. ఎవరూ బల్లలకు పేర్లు వ్రాసి పెట్టలేదు. ఒకే మాటమీద ఉన్నవారు ఒకచోట కూర్చుంటే గొంతు కలపడానికి అనుకూలము, అంతే. చివరకు రాజుకు చట్టమును కొంతకాలము ఆపే అధికారము మాత్రమే దక్కినది. ఆ బల్లల పేర్లు మాత్రము నిలిచిపోయినవి.

తరువాతి నూరేళ్ళలో మిల్లులు, గనులు, రైళ్ళు పెరిగినవి, వాదము రాజునుండి ఆస్తి మీదికి మళ్ళినది. అది ఎట్లా మళ్ళినదో మనకు పుస్తకాలు చూడనక్కరలేదు. బంగారుపేట నుండి రైలెక్కి కొద్ది దూరము పోతే కోలారు బంగారు గనులు ఉన్నవి.

1880 మొదలు లండనుకు చెందిన జాన్ టైలర్ కంపెనీవారు ఆ గనులను నడిపినారు. మొదట చాలా డబ్బు మట్టిపాలైనది. మైసూరు మైను వాటాదారుల సొమ్ము ఇక అయిపోవచ్చినదనగా, మిగిలిన కొద్దిపాటితో ఇంకా లోతుకు పోయి చూడగా ఛాంపియన్ నాళము తగిలినది. ఆ పిమ్మట లాభము లండనుకు ధారగా పోయినది. 1902 లో శివనసముద్రమునుండి గనులకు కరెంటు వచ్చినది. అప్పటికి మన ఊళ్ళలో ఆముదపు దీపాలే. ఉత్తర ఆర్కాటు, చిత్తూరు జిల్లాలనుండి వచ్చిన తమిళులు, తెలుగువారు రాయి పగిలి మీదపడే భయముతోను, ఊపిరితిత్తులలో రాతిదుమ్ముతోను పనిచేసినారు. పోను పోను ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్ల లోతు దాటిపోయినది.

ఈ గనిని చూపి కుడిపక్షమువాడు ఇట్లా అంటాడు: "సొమ్ము పెట్టినది వాటాదారుడు. బంగారము దొరకకపోతే నష్టపోయేదీ అతడే. కాబట్టి లాభము అతనిది. యజమానినీ, వ్యాపారినీ ప్రభుత్వము అదుపులో పెట్టబోతే సొమ్ము పెట్టేవాడే ఉండడు, పనీ ఉండదు. పెద్దలనాటినుండి వచ్చిన కట్టుబాట్లను ఒక్కరోజున కూలదోయరాదు." ఎడమపక్షమువాడు అంటాడు: "వాటాదారుడు డబ్బు పోగొట్టుకొంటాడు, కూలివాడు ప్రాణము పోగొట్టుకొంటాడు. భూమిలోని బంగారము ఏ ఒక్కరి సొత్తూ కాదు. పుట్టుకచేతనో, సొమ్ముచేతనో ఒకడు ఎక్కువ, ఒకడు తక్కువ కారాదు. ఆ తేడా తగ్గించడమే ప్రభుత్వము పని." రెండింటిలోను కొంత నిజమున్నదని పాఠకులకు తోచితే తప్పులేదు, నాకూ తోచినది.

కార్మికులకు సిద్ధాంతములు తరువాత వచ్చినవి, కోపము ముందు వచ్చినది. 1930 లో కూలీలందరి వేలిముద్రలు తీసికొనవలెనని కంపెనీ పూనుకొన్నది. దొంగలకు తీసినట్లు మాకు ముద్రలేమిటని వేలమంది పని మానివేసినారు. అది కూలి రేటు తగవు కాదు, మానము తగవు. 1940 దశకములో కమ్యూనిస్టులు అక్కడ బలమైన యూనియను కట్టినారు. 1946 లో పెద్ద సమ్మె జరిగినది. ఆ ఏడు నవంబరులో పోలీసు కాల్పులు జరిగి కార్మికులు మరణించినారు. గనులను ప్రభుత్వమే తీసికొనవలెనన్న కేక గట్టిపడినది. 1956 లో మైసూరు ప్రభుత్వము తీసికొన్నది, 1962 లో కేంద్రానికి చేరినవి, 1972 లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ అయినది.

ఎడమపక్షము గెలిచినదని ఇక్కడ కథ ముగించవచ్చు గాని, అట్లా ముగియలేదు. ప్రభుత్వము తన గనిలో తీసిన బంగారమును తానే అంతర్జాతీయ ధరకు తీసికొన్నది. బజారులో ధర అంతకన్న చాలా ఎక్కువ. లోతు పెరిగిన కొద్దీ ఖర్చు పెరిగినది, లెక్కలలో నష్టము పెరిగినది. 2001 ఫిబ్రవరి 28 న గనులు మూసివేసినారు. నష్టపు సంస్థను ప్రజల పన్నులతో మోయరాదని కుడివైపు వాదము. ధర తక్కువ కట్టి నష్టము చూపి, కార్మికుని వీధిలో నిలబెట్టినారని ఎడమవైపు వాదము. మేమే సహకార సంఘముగా ఏర్పడి గని నడుపుకొంటామని కార్మికులు కొందరు ముందుకు వచ్చినారు. మన సంఘపు సభ్యులకు ఈ మాట కొత్తగాదు.

జెండా చూసి పక్షము తేల్చడము కష్టమనడానికి కూడ ఈ జిల్లాయే సాక్ష్యము. గనుల ఓటర్లు ఒకప్పుడు కమ్యూనిస్టులను, తరువాత రిపబ్లికన్ పార్టీని, అన్నా డి.ఎం.కె.ను, 2008 లోను 2013 లోను భారతీయ జనతా పార్టీని, 2018 లోను 2023 లోను కాంగ్రెసును గెలిపించినారు. అంబేడ్కరు బాటవారి రిపబ్లికన్ పార్టీని ఏ బల్లమీద కూర్చోబెడతారు? కూలివాని పక్షము గనుక ఎడమ అంటారు కొందరు. కులము మాటెత్తని ఎడమపక్షము మాకెందుకని ఆ పార్టీవారే అన్నారు. తెలుగు మాట్లాడే బాగేపల్లి చూడండి. అప్పుడది కోలారు జిల్లాయే, 2007 నుండి చిక్కబళ్ళాపురము జిల్లా. అక్కడ గని లేదు, మిల్లు లేదు. అయినా 1994 లోను 2004 లోను మార్క్సిస్టు పార్టీ తరఫున జి. వి. శ్రీరామరెడ్డి శాసనసభకు గెలిచినారు.

పార్టీలు కూడ కూర్చున్నచోట కూర్చోవు. మద్రాసు దగ్గర ఆవడిలో 1955 లో సోషలిస్టు తరహా సమాజము కావలెనని తీర్మానించిన కాంగ్రెసే, 1991 లో మన తెలుగువాడైన పి. వి. నరసింహారావు ప్రధానిగా ఉండగా వ్యాపారానికి తలుపులు తెరచినది. భారతీయ జనతా పార్టీని కుడిపక్షమనడము ముఖ్యముగా మతము, జాతీయత, ఆచారముల విషయములో. డబ్బు లెక్కలలో ఆ పార్టీ ప్రభుత్వాలు కూడ ఉచిత బియ్యము పంచుతూనే ఉన్నవి.

ఇక మన సంగతి. గనిలో యజమాని ఒకడు, కూలీలు వేలమంది. ఎవరు ఏ బల్లకు పోవలెనో కళ్ళకు కనబడుతుంది. నేతవాని ఇంట్లో అట్లా కాదు. మగ్గము తనది. పట్టు, జరీ సాహుకారువి. పొద్దున కండెలు చుట్టే భార్యకు కూలి లేదు, పెండ్లినాటికి మగ్గము నేర్చుకొనే కొడుకుకూ లేదు. మగ్గము నాదన్నప్పుడు అతడు ఆస్తిపరుడు, చీర కోసి ఇచ్చి కూలి పుచ్చుకొన్నప్పుడు కార్మికుడు. రెండు మగ్గాలు పెట్టి ఒకదానిమీద పక్కింటి అబ్బాయిని కూర్చోబెడితే యజమాని. ఈ మూడూ ఒకే మనిషిలో ఒకే రోజున ఉండవచ్చును.

అందుచేతనే చేనేతకు మేలు తలపెట్టినవారి పేర్లు తీస్తే మనము అనుకోని వరస వస్తుంది. 1952 లో మద్రాసు ముఖ్యమంత్రి అయిన రాజాజీ, చీరలు, ధోవతులు చేనేతకే వదలివేయవలెనని, మిల్లులు నేయరాదని పట్టుపట్టినారు. మిల్లు యజమాని ఇష్టానికి అడ్డముపడే ఆ మాట వింటే ఎవరైనా ఎడమపక్షమనుకొంటారు. ఆ రాజాజీయే 1959 లో స్వతంత్ర పార్టీ పెట్టినారు. ప్రభుత్వపు పర్మిట్లు, లైసెన్సులు వద్దన్న ఆ పార్టీని దేశమంతా కుడిపక్షమన్నది. దాని మొదటి అధ్యక్షుడు మన ఎన్. జి. రంగా. 1962 లో మన పొరుగు చిత్తూరునుండి లోకసభకు పోయినారు. ఆయన 1930 నాటికే దక్షిణదేశపు చేనేతవారి స్థితిగతులు పరిశీలించి ఇంగ్లీషున ఒక పుస్తకము వ్రాసినారు. రైతుకు తన భూమి, నేతవానికి తన మగ్గము ఉండవలెను, పైన ప్రభుత్వము పెత్తనము వద్దు అన్నది ఆ పక్షము. మగ్గము తనదైనవాడికి ఆ మాట తియ్యగానే ఉంటుంది. కాని నూలు ఎవరిది?

నూలు మాట వస్తే ప్రభుత్వము రాక తప్పదు. మిల్లులు తీసిన నూలులో కొంత భాగము మగ్గానికి పనికివచ్చేటట్లు చిలపలుగా కట్టి తీరవలెనని నిబంధన ఉన్నది. ఒకప్పుడు నూటికి 50 పాళ్ళు, 2003 లో 40, 2019 లో 30 చేసినారు. 1953 లో మిల్లు బట్టమీద అదనపు సుంకము వేసి ఆ డబ్బు ఖాదీకి, చేనేతకు ఖర్చుపెట్టే చట్టము వచ్చినది. 1985 లో 22 రకాల బట్టలు చేనేతకే ప్రత్యేకించుతూ ఇంకొక చట్టము చేసినారు, 1996 లో వాటిని 11 కు తగ్గించినారు. పెంచినప్పుడు దేశము ఎడమకు వాలినదనీ, తగ్గించినప్పుడు కుడికి వాలినదనీ ఉజ్జాయింపుగా చెప్పవచ్చును. మరమగ్గమువాడు ఆ చట్టమును కాగితముమీదనే ఉంచినాడన్నది వేరే సంగతి.

అన్నిటికన్న చిక్కు పట్టు సుంకము. చైనా పట్టుమీద దిగుమతి సుంకమును 2011 బడ్జెటులో నూటికి 30 నుండి 5 కు దించినారు. పట్టు చవక కాగలదని మగ్గమువారికి ఆశ కలిగినది. శిడ్లఘట్ట బజారుకు గూళ్ళు తెచ్చే రైతులు ధర పడిపోవునని గోలపెట్టినారు. 2013 లో మళ్ళీ 15 చేసినారు. సుంకము ఎత్తివేయుమన్నప్పుడు మనము కుడిపక్షమువారి మాట మాట్లాడినట్లు. మిల్లు చీరను ఆపుమన్నప్పుడు ఎడమపక్షమువారి మాట. గూళ్ళ రైతుకు మనమే మిల్లువాళ్ళవలె కనబడతాము. ఇదే వారమున ఇదే నోటితో రెండూ అడుగుతున్నాము, నేనూ అడిగినాను.

అరుగు మీది పెద్దాయనకు ఇదంతా చెప్పినాను. ఆయన నవ్వి, పోయిన ఏడు మన సర్వసభ్య సమావేశమును జ్ఞాపకము చేసినారు. చీర కూలి రేటు పెంచవలెనన్న తీర్మానము వచ్చినప్పటి సంగతి. మొదట అందరమూ కలసి చాపలమీద కూర్చున్నాము. వాదము ముదిరిన కొద్దీ సాహుకార్లు ఒక్కొక్కరే లేచి కిటికీ వైపుకు, కూలి నేతవారు తలుపు వైపుకు జరిగినారు. ఎవరూ జరగమనలేదు. నాలుగు మగ్గాలుండి రెండింటికి కూలివాళ్ళను పెట్టుకొన్న మా బావగారు మాత్రము దారాల మూట చంకన పెట్టుకొని నడుమ స్తంభము దగ్గర నిలబడిపోయినారు. ఆ తీర్మానము వాయిదా పడినది. రాబోయే సమావేశములో మళ్ళీ వస్తుంది.