మీకు తెలుసా? ఒక్క దెబ్బా వేయకుండానే స్వరకర్తగా పేరు

ప్రోగ్రెసివ్ రాక్ డ్రమ్మర్ల శైలిలో తేడా బాగా తెలియాలంటే బిల్ బ్రూఫర్డ్‌ను, నీల్ పియర్ట్‌ను వెంటవెంటనే వినాలి. యెస్ బృందం నుంచి 1972లో కింగ్ క్రిమ్సన్‌కు వచ్చిన బ్రూఫర్డ్, దెబ్బ పడాల్సిన చోట ఆగి, ఎవరూ ఊహించని చోట వేసేవారు. కర్ర అంచుకూ చర్మానికీ ఒకేసారి తగిలే రిమ్‌షాట్లతో ఆయన స్నేర్ డ్రమ్ ఖంగున మోగేది. నాలుగు దెబ్బలు వింటే చాలు, పోల్చుకోవచ్చు. 1973 నవంబరులో ఆమ్‌స్టర్‌డామ్ కచేరీలో సహచరులు అప్పటికప్పుడు అల్లిన ‘ట్రయో’లో ఆయన అసలు వాయించనే లేదు. ఆ సంయమనం కూడా కూర్పులో భాగమేనని వాళ్లు స్వరకర్తల్లో ఆయన పేరూ చేర్చారు. ఎంత మంచి నిర్ణయం!

రష్ బృందపు పియర్ట్ పద్ధతి వేరు. ఫిల్స్‌ను, అంటే పాట భాగాల మధ్య వేసే చిన్న విన్యాసాలను, ముందే కూర్చుకుని, వేదికపైనా దాదాపు రికార్డులో ఉన్నట్టే వాయించేవారు. 1981 నాటి ‘వైవైజెడ్’ ఆరంభంలోని లయ, టొరంటో విమానాశ్రయ సంకేతాక్షరాల మోర్స్ కోడే. అంత పేరొచ్చాక కూడా 1990లలో డ్రమ్స్ గురువు ఫ్రెడ్డీ గ్రూబర్ దగ్గర శిష్యరికం చేసి, కర్రలు పట్టే తీరునే మార్చుకున్నారు.

ఈ ఇద్దరికీ భిన్నమైన మరో శైలి జెనెసిస్ డ్రమ్మర్ ఫిల్ కాలిన్స్‌ది. ఆయనది ఎడమచేతివాటం. అందుకే డ్రమ్ సెట్‌ను అటుదిటుగా అమర్చుకునేవారు. 1972లో వచ్చిన ‘సప్పర్స్ రెడీ’ పాటలో 9/8 తాళంలో సాగే భాగంలో ఆయన వాయిద్యం లెక్కకు కట్టుబడినట్టు కాక, కీబోర్డుతో మాట్లాడుతున్నట్టు సాగుతుంది.