రెండు దేశాలు, ఒకే జట్టు: లాభమెవరికి?

ఇరుగుపొరుగు దేశాలు కలిసి ఒకే జిమ్నాస్టిక్స్ జట్టును దించితే బాగుంటుంది కదా అనే ఆలోచన కొత్తది కాదు. ఒక్కో దేశంలో గట్టివాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు, కలిస్తే పూర్తి జట్టవుతుంది. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ ఒలింపిక్స్‌లో ఈ ఆట నడిచే తీరు తెలిస్తే లెక్క తిరగబడుతుంది. నిజంగా అలాంటి జట్టు దిగిన సందర్భం ఒకటుంది.

1991 డిసెంబరులో సోవియట్ యూనియన్ విడిపోయింది. ఏడు నెలలకే బార్సిలోనా ఒలింపిక్స్. కొత్త దేశాలకు సొంత ఏర్పాట్లు చేసుకునే వ్యవధి లేదు. మూడు బాల్టిక్ దేశాలు విడిగా వెళ్లాయి, మిగిలిన 12 ‘యూనిఫైడ్ టీమ్’ పేరుతో దిగాయి. జిమ్నాస్టిక్స్‌లో పురుషుల, మహిళల జట్టు స్వర్ణాలు రెండూ వాళ్లవే. బెలారస్ కుర్రాడు విటాలీ షెర్బో 6 స్వర్ణాలు గెలిచాడు. జట్టు గెలిస్తే ఒలింపిక్ జెండా ఎగిరేది.

ఇదంతా కలవడం వల్లే వచ్చిందనుకుంటే పొరపాటు. వాళ్లు ఆ ఏడాది కొత్తగా కలిసినవాళ్లు కారు. చిన్నప్పటి నుంచి ఒకే పద్ధతిలో నేర్చుకుని, ఒకే శిబిరంలో చెమటోడ్చినవాళ్లు. దేశాలు విడిపోయినా జట్టు ఇంకా విడిపోలేదంతే.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది అదే పోటీల్లో జరిగిన ఇంకో సంగతి. అన్ని పరికరాల మీదా పోటీపడే మహిళల ఆల్‌రౌండ్ ఫైనల్‌కి ఒక్కో జట్టు నుంచి ముగ్గురికే చోటు. ఆ పరికరాల్లో ఒకటైన బీమ్ వెడల్పు 10 సెంటీమీటర్లు, నేల నుంచి ఎత్తు 125 సెంటీమీటర్లు. అర్హత పోటీలో ఉక్రెయిన్ అమ్మాయి తాత్యానా గుట్సు దాని మీది నుంచి పడిపోయింది. దాంతో సొంత జట్టులోనే నాలుగో స్థానానికి జారింది. అర్హత సాధించిన, జట్టులోని మరో దేశపు అమ్మాయి రొజాలియా గలియేవాకు మోకాలి గాయమని చెప్పి, ఆమె చోటు గుట్సుకు ఇచ్చారు. గుట్సు 0.012 తేడాతో అమెరికా అమ్మాయి షానన్ మిల్లర్‌ను దాటి స్వర్ణం గెలిచింది. ఎవరి దేశం తరఫున వాళ్లు ఆడి ఉంటే గుట్సుకూ గలియేవాకూ ఇద్దరికీ ఫైనల్లో చోటు దక్కేది. ఉమ్మడి జట్టు కాబట్టే ఒకరు లేవాల్సి వచ్చింది.

ఇప్పుడు ఆ పరిమితి ఇంకా బిగిసింది. ఫైనల్‌కి దేశానికి ఇద్దరే. జట్టుకు ఐదుగురు. జట్టుగా అర్హత సాధించగల రెండు దేశాలు చేతులు కలిపితే 10 మందికి దక్కాల్సిన అవకాశం ఐదుగురికి కుదించుకుపోతుంది. 1996 అట్లాంటాలో విడివిడిగా దిగినప్పుడు పురుషుల జట్టు పోటీలో రష్యాకు స్వర్ణం, ఉక్రెయిన్‌కు కాంస్యం వచ్చాయి.

మరి జట్టు నింపుకోలేని దేశాల మాటేమిటి? వాటికి ఇంకా నష్టం. టోక్యో ఒలింపిక్స్‌కి మన దేశం నుంచి ప్రణతి నాయక్, శ్రీలంక నుంచి మిల్కా గెహానీ వెళ్లారు. ఇద్దరికీ కలిపి ఒకే సీటు ఉండి ఉంటే ఎవరు ఆగిపోవాలి? కొలంబోలో ఒక చిన్నపిల్ల తన దేశపు జెండాతో మిల్కా బీమ్ ఎక్కడం చూడటం చిన్న విషయం కాదు.

మన దగ్గర ప్రతిభకు కొరత లేదు. రియోలో దీపా కర్మాకర్ వాల్ట్‌లో 0.150 తేడాతో కాంస్యం పోగొట్టుకుంది. హైదరాబాద్ అమ్మాయి అరుణారెడ్డి 2018లో మెల్‌బోర్న్ ప్రపంచకప్‌లో వాల్ట్ కాంస్యం తెచ్చింది. కొరతంతా సామగ్రికి, హాళ్లకి, కోచ్‌లకి. దీపా చిన్నప్పుడు సాధన చేసింది పాత స్కూటర్ విడిభాగాలతో కట్టిన సామగ్రి మీద.

అందుకే కలవాల్సింది పోటీలో కాదు, సాధనలో అంటాను. దీపా ఊరు అగర్తలా బంగ్లాదేశ్ సరిహద్దును ఆనుకునే ఉంది. అక్కడ దెబ్బ తగలకుండా దూకే ఫోమ్ పిట్, అంతర్జాతీయ ప్రమాణాల పరికరాలున్న హాలు ఒకటి కట్టి, ఢాకా, కొలంబో, కాఠ్మండూ పిల్లలకు ఏటా రెండు నెలల శిబిరం పెట్టొచ్చు. మంచి విదేశీ కోచ్ జీతాన్ని నాలుగు దేశాల సమాఖ్యలు పంచుకోవచ్చు. వీసాలు ముందుగానే ఇప్పించే పూచీ ప్రభుత్వాలు తీసుకోవాలి. శిబిరం అయ్యాక ఎవరి జెర్సీ వాళ్లు వేసుకుని పోటీకి వెళ్తారు.