బౌలింగ్ అంటే క్రికెట్ కాదమ్మమ్మా!

"ఆడపిల్లకు బౌలింగ్ ఏమిటే, భుజం పట్టెయ్యదూ?" అంది మా అమ్మ. తెనాలి నుంచి వచ్చి అప్పటికి పది రోజులైంది. శనివారం పొద్దున్నే మనవరాలు హడావిడిగా బ్యాగు సర్దుకోవడం చూసి, "సిరాజ్ లాగా పరిగెత్తుకొచ్చి వేస్తావా?" అని అడిగింది. మా అమ్మాయి పడీపడీ నవ్వి బ్యాగు జిప్పు తీసింది. లోపల మూడు కన్నాలున్న పెద్ద బంతి. బరువు పన్నెండు పౌండ్లు, అంటే దాదాపు ఐదున్నర కిలోలు. అమ్మ ఎత్తబోయి వదిలేసింది. "బౌలింగ్ అంటే క్రికెట్ కాదమ్మమ్మా!"

మేముండేది అడిలైడ్‌కు ఉత్తరాన, మాసన్ లేక్స్‌లో. ఆస్ట్రేలియా పాత 100 డాలర్ల నోటు మీద బొమ్మ ఉండే అంటార్కిటికా అన్వేషకుడు డగ్లస్ మాసన్ పేరు మీద వెలసిన ఊరు. యూనివర్సిటీ క్యాంపస్, టెక్నాలజీ పార్కు పక్కపక్కనే ఉండటంతో మనవాళ్లు బాగానే చేరారు. సాయంత్రం చెరువు గట్టున నడిస్తే రెండు బెంచీలకొకచోట తెలుగు మాట వినిపిస్తుంది. మన మగపిల్లలు చాలామంది క్రికెట్, ఆడపిల్లలు కూచిపూడి. ఈత అందరికీ. మా అమ్మాయి మాత్రం ఎవరిదో పుట్టినరోజు పార్టీకి వెళ్లి టెన్‌పిన్ బౌలింగ్ పట్టుకొచ్చింది. మూడేళ్లయింది, వదల్లేదు.

గొడవ మొదలైంది ఈ ఏడాది స్కూల్ అసెంబ్లీతో. ఇయర్ నైన్. నెట్‌బాల్ టీమ్‌ను, ఫుటీ టీమ్‌ను, క్రికెట్ టీమ్‌ను వేదిక మీదికి పిలిచి చప్పట్లు కొట్టించారు. అదే వారం జూనియర్ లీగ్‌లో మా పిల్లకు పతకం వచ్చింది. స్కూల్లో చెబితే మంచిగానే అభినందించారట, కానీ అది 'బయటి ఆట' కాబట్టి జాబితాలో ఉండదన్నారట. ఇంటికొచ్చి మాట్లాడలేదు. రాత్రి భోజనాల దగ్గర నిదానంగా అంది: "అమ్మా, మా స్కూల్ ఆటల్లో బౌలింగ్ కూడా చేర్చమని లెటర్ రాస్తా."

నిజం చెప్పాలంటే నా మొదటి మాట, "సర్టిఫికెట్ ఏమైనా ఇస్తారా?"

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. నేను హైస్కూల్లో బాల్ బ్యాడ్మింటన్ ఆడేదాన్ని. పసుపుపచ్చ ఉన్ని బంతి, జట్టుకు ఐదుగురు, గేముకు 29 పాయింట్లు. గాలి వీచిందంటే బంతి ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. ఇక్కడ పెరిగిన పిల్లలకు ఆ ఆట పేరు చెబితే షటిల్ అనుకుంటారు. మన ఆంధ్రదేశంలో దానికెంత వైభవమో! జమ్మలమడక పిచ్చయ్య గారికి 1970లో అర్జున అవార్డు వచ్చింది ఆ ఆటకే. మా ఇళ్లలో మాత్రం ఆటకు విలువ స్పోర్ట్స్ కోటా దాకానే. జిల్లా సెలక్షన్ల దాకా వెళ్లాను. ఇవ్వాల్సిన సర్టిఫికెట్ ఇదిగో అదిగో అంటూ ఇవ్వనే లేదు. నాన్న "ఇక చదువుకో" అన్నారు. రాకెట్ అటక ఎక్కింది. గుర్తింపు అంటే కాగితం అని అప్పుడు బుర్రలో నాటుకుపోయింది.

మా అమ్మాయికి కావలసింది కాగితం కాదని అర్థం కావడానికి నాకు చాలా రోజులు పట్టింది.

ఇంతకీ ఇది ఆటేనా అనేది మనవాళ్లందరి అనుమానం. మావారి అనుమానం కూడా అదే. నేను లేన్ పక్కన కూర్చుని చూశాక నా అనుమానం పోయింది. ఫౌల్ లైన్ నుంచి మొదటి పిన్ను దాకా 60 అడుగులు. ఆ చెక్కబాట మీద కంటికి కనపడని నూనె పూత ఉంటుంది, దగ్గర్లో ఎక్కువ, చివర్లో తక్కువ. బంతి నూనె మీద జారుతూ వెళ్లి, పొడి చెక్క తగలగానే మలుపు తిరుగుతుంది. ఆట సాగేకొద్దీ నూనె చెదిరిపోతుంది. మొదటి గేములో నిలబడిన చోట మూడో గేములో నిలబడితే కుదరదు. మా అమ్మాయి రెండు పలకలు ఎడమకు జరిగి, మళ్లీ ఒకటి కుడికి జరిగి లెక్క చూసుకుంటుంది. వరుసగా పన్నెండు స్ట్రైకులు పడితే 300. అంతకు మించి లేదు. ఆమె ఇంకా 200 దాటలేదు, అది వేరే సంగతి.

ఈ దేశంలో ఆ ఆటకు చిన్న పేరేమీ లేదు. న్యూ సౌత్ వేల్స్‌లోని ఆరెంజ్ పట్టణపు కుర్రాడు జేసన్ బెల్మాంటే తల్లిదండ్రులకు బౌలింగ్ సెంటర్ ఉండేది. పసివాడప్పుడు ఒంటిచేత్తో బంతి ఎత్తలేక రెండు చేతులతో వేశాడు. పెద్దయ్యాకా అలాగే వేశాడు. నవ్విన వాళ్లు నవ్వారు. అమెరికా ప్రొఫెషనల్ సర్క్యూట్‌లో 15 మేజర్ టైటిళ్లు గెలిచి రికార్డు పెట్టాడు. ఇప్పుడు ప్రపంచమంతా పిల్లలు రెండు చేతులతో వేస్తున్నారు. ఒలింపిక్స్‌లోకి మాత్రం ఈ ఆట రాలేకపోయింది. 1988 సియోల్‌లో ప్రదర్శన క్రీడగా ఆడించారు, టోక్యో కోసం ఎనిమిది ఆటల తుది జాబితా దాకా వచ్చి ఆగిపోయింది. 2028 లాస్ ఏంజెలెస్‌లో క్రికెట్ ఉంటుందని మనం సంబరపడుతున్నాం కదా, బౌలింగ్ వాళ్లు ఇంకా వాకిట్లోనే నిలబడ్డారు.

హైస్కూళ్ల విషయంలో దారి చూపింది అమెరికా. మిషిగన్‌లో ఉన్న మా పిన్ని కొడుకుకు ఫోన్ చేస్తే, వాళ్లబ్బాయి స్కూల్ టీమ్‌లో బౌలింగ్ ఆడుతున్నాడని చెప్పాడు. "అక్కా, ఇక్కడ బాస్కెట్‌బాల్ లాగే ఇదీ చలికాలం ఆట. కోచ్ ఉంటాడు, స్కూల్ పేరున్న చొక్కా ఉంటుంది, మార్కులు పడిపోతే టీమ్‌లోంచి తీసేస్తారు కూడా" అన్నాడు. ఆ చివరి మాట మావారికి బాగా నచ్చింది. ఇల్లినాయ్‌లో అమ్మాయిల రాష్ట్ర పోటీలు 1973లోనే మొదలయ్యాయి. అబ్బాయిలకు 2003 దాకా లేవు. ఒక ఆటలో ఆడపిల్లలు ముప్ఫై ఏళ్లు ముందుండటం ఎక్కడైనా విన్నామా? మిషిగన్ 2004లో, ఒహాయో 2007లో రాష్ట్ర ఫైనల్స్ మొదలుపెట్టాయి. 2004 నుంచే అక్కడి కాలేజీ మహిళలకు జాతీయ చాంపియన్‌షిప్ ఉంది.

అక్కడి స్కూల్ పోటీల్లో బేకర్ పద్ధతి అని ఒకటుంది, నాకు అది భలే నచ్చింది. ఐదుగురు కలిసి ఒకే గేము ఆడతారు. మొదటి పిల్ల ఒకటో ఫ్రేము, ఆరో ఫ్రేము వేస్తుంది. రెండో పిల్ల రెండు, ఏడు. అలా ఐదో పిల్ల ఐదు, పది. ఒక్కరే ఎంత బాగా ఆడినా గేము గెలవదు, ఒకరు తడబడితే పక్కవాళ్లు సర్దుకోవాలి. ఐదుగురు అనగానే నాకు మా బాల్ బ్యాడ్మింటన్ కోర్టు కళ్లముందు కదిలింది.

అమ్మాయి లెటర్ రాసింది. దిద్దుతానంటే ఒప్పుకోలేదు. పొడుగ్గా లేకుండా, ఎత్తు లేకుండా, వేగంగా పరిగెత్తలేకుండా ఉన్న పిల్లలకు స్కూల్ తరఫున ఆడే అవకాశం ఏ ఆటలో ఉందో చెప్పండి అని అడిగింది. చదివి కాసేపు ఏమీ అనలేకపోయాను. నెట్‌బాల్ ట్రయల్స్‌కు రెండేళ్లు వరుసగా వెళ్లి వచ్చిన సంగతి నాకెప్పుడూ పెద్ద విషయంగా కనిపించలేదు.

స్పోర్ట్స్ చూసే మాస్టారు పిలిచి మాట్లాడారు. కొట్టిపారేయలేదు, అలాగని తలూపనూ లేదు. ఆయన ప్రశ్నలు సబబైనవే. లేన్లకు గేముకింత అని డబ్బు ఎవరు కడతారు? క్లాసులయ్యాక పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లేదెవరు? వెంట ఏ టీచర్ ఉంటారు? అన్నిటికంటే ముఖ్యం, ఆడటానికి ఎదుటి స్కూల్ ఏది? ఓవల్ మీద ఆటైతే స్థలం స్కూల్‌దే, బంతి స్కూల్‌దే. బౌలింగ్‌కు వేరేవాళ్ల భవనం కావాలి. ఇక్కడి గవర్నమెంటు స్కూళ్లలో బ్రైటన్ సెకండరీకి వాలీబాల్, సీవ్యూ హైస్కూల్‌కు టెన్నిస్ ప్రత్యేక గుర్తింపు ఉన్నాయంటే, వాటి వెనక ఏళ్ల తరబడి పనిచేసిన టీచర్లు, తల్లిదండ్రులు ఉండి ఉంటారు. ఉత్తరం ఒక్కటే చాలదు.

ఉగాది వేడుకల్లో ఈ మాట కదిపితే, ఒక పెద్దాయన "అమ్మా, అది పిజ్జా తింటూ ఆడే ఆట" అన్నారు. ఇంకొకావిడ "ఇయర్ టెన్‌లో పడ్డాక ఇవన్నీ మానిపించేయండి, ఏటార్ ముఖ్యం" అని సలహా ఇచ్చింది. ఆవిడ కొడుకు పక్కనే నిలబడి మా అమ్మాయిని బంతి ఎంత బరువుంటుందని అడిగాడు.

చివరికి మాస్టారు ఒక మెట్టు దిగారు. వచ్చే టర్మ్‌లో బుధవారం సాయంత్రాలు ప్రయత్నించి చూద్దాం, పూర్తి జట్టు ఉంటే పక్క స్కూల్‌తో స్నేహపూర్వక పోటీ తానే అడుగుతానన్నారు. టీచర్ ఒకరు ఒప్పుకున్నారు. లేన్ ఖర్చు తల్లిదండ్రులదే. కారు వంతులు మేమే వేసుకున్నాం, ఒక వారం మావారి వంతు కూడా ఉంది. ఆటేనా అని అడగడం ఆయన ఈమధ్య మానేశారు.

మా అమ్మ గత శనివారం తనూ వస్తానంది. గట్టర్లకు అడ్డుపట్టీలు లేపి, తేలికపాటి ఆరు పౌండ్ల బంతి ఇచ్చాం. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, రెండు చేతులతో పట్టుకుని నెట్టింది. బంతి అటో ఇటో తగులుతూ నిదానంగా వెళ్లి నాలుగు పిన్నులు పడగొట్టింది. "అమ్మమ్మది బెల్మాంటే స్టైలు" అంది మనవరాలు.

బేకర్ ఆటకు ఐదుగురు కావాలి. మా అమ్మాయి, వియత్నాం అమ్మాయి ఒకతె, ఇద్దరు అన్నదమ్ములు కలిపి నలుగురు పేర్లిచ్చారు. ఉగాదినాడు బంతి బరువు అడిగిన కుర్రాడు వాళ్లమ్మను ఇంకా ఒప్పిస్తున్నాడట.