పదిదినముల వాన సూచన

కార్తికమాసపు ముసురులలో మన తిరుపతి, చిత్తూరు సీమల గ్రామపెద్దలకు రెండు చింతలు గలవు. పెఱికిన వేరుసెనగ చేనిలో ఆరుచున్నది. దాని నిప్పుడే ఇల్లు చేర్పవలెనా? చెఱువు నిండవచ్చినది, తూమెత్తి కొంతనీరు వదలవలెనా? వదలినపిమ్మట వాన రాకున్న వేసవిపైరునకు నీరుండదు. వదలకున్నప్పుడు కుండపోతగా కురిసిన కట్ట నిలువదు. పెద్దచెఱువును ఒక్కరాత్రిలో తగ్గింపజాలము గనుక నాలుగైదు దినముల ముందరి మాట మనకు కావలెను. ఆ మాటయే మధ్యమావధి సూచన. ఇది మూడవనాటినుండి పదవనాటివఱకు గల కాలమునకు వర్తించును. దాని నెంతవఱకు నమ్మవచ్చునో విన్నవించెదను.

వానను ముందెఱుగు యత్నము మనకు క్రొత్తదికాదు. మేఘగర్భము నిలిచిన 195 దినములకు వర్షము ప్రసవింపబడునని వరాహమిహిరుడు బృహత్సంహితయందు చెప్పెను. స్వాతి, విశాఖ కార్తెలలో వాన పడునని మనమందఱము చెప్పుదుము. అది ఋతుధర్మము. ఈ సంవత్సరము ఏ వారమున పడునన్న ప్రశ్నకు మాత్రము కార్తె ఉత్తరము చెప్పజాలదు.

నేటి పద్ధతి వేఱు. బుడగలు, ఓడలు, ఉపగ్రహములు తెలిపిన గాలి, వేడిమి, తేమ, పీడనముల కొలతలను గ్రహించి, భూమండలమునంతటిని చిన్నచిన్న గళ్ళుగా విభజించి, ఒక్కొక్క గడిలో గాలి మఱుక్షణమున నెట్లు మాఱునో గణింతురు. రిచర్డ్సను అను ఆంగ్లేయుడు 1922లో ఈ మార్గమును ప్రకటించెను. ఆఱుగంటల సూచనను చేతితో లెక్కకట్టుటకు ఆయనకు వారములు పట్టినవి, ఫలితము తప్పినది. మన పంచాంగకర్తలకు ఆయన శ్రమ బాగుగ తెలియును! ఇప్పుడా లెక్కను మహాగణనయంత్రములు చేయుచున్నవి. మనదేశమున ఇందులకై ప్రత్యేకకేంద్రము 1988లో నెలకొల్పబడినది. అది నోయిడాలో నున్నది.

గ్రహణమును నూఱేండ్లముందు చెప్పగలవారు వానను నెలముందు ఏల చెప్పలేరని కొందఱడుగుదురు. సూర్యచంద్రుల గతిలో వెండ్రుకవాసి పొరపాటు చిరకాలము వెండ్రుకవాసిగనే యుండును. గాలిలో నట్లుకాదు. నేటి కొలతలోని అణుమాత్రపు లోపము నాలుగుదినములలో గ్రామమంత, పదిదినములలో దేశమంత పెరుగును. అమెరికా శాస్త్రజ్ఞుడు లోరెంజు 1963లో ఈ మర్మమును గణితముచే చూపెను. ఇంచుమించు రెండువారములకు మించి ఏనాటి వాన నానాటికి నిర్ణయించుట అసాధ్యమని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. కావున మొదటి కొలతలను కొలదికొలదిగ మార్చి ఒకేలెక్కను ఇరువదిసార్లకుపైగా కట్టుదురు. ఫలితములు ఏకముఖముగ నున్న నమ్మకము హెచ్చును, చెదరిన తగ్గును.

మన సీమకు ఇంకొక చిక్కు గలదు. ఈశాన్యకాలపు పెద్దవానలు బంగాళాఖాతపు వాయుగుండములవలన వచ్చును. గుండము నూఱుకిలోమీటర్లు అటునిటు జరిగిన, వాన శేషాచలమును విడిచి నెల్లూరుకో, మద్రాసు దక్షిణమునకో పోవును. 2021 నవంబరు 19 తెల్లవాఱుజామున వాయుగుండము చెన్నపట్టణపు సమీపమున తీరము దాటినది. దాటకమునుపే తిరుపతి వీధులు ఏఱులైనవి. తిరుమల మెట్లదారి వఱదపాలైనది. ఆనాడే రాజంపేట ప్రాంతమున చెయ్యేటిపైగల అన్నమయ్య జలాశయపు మట్టికట్ట తెగి పల్లెలు కొట్టుకొనిపోయినవి. పెక్కుప్రాణములు పోయినవి. కొలదిదినములకే రాయలచెఱువు కట్టనుండి నీరు ఊరి, దిగువపల్లెలవారిని తరలింపవలసివచ్చెను. 2024 నవంబరులో ఫెంగల్ తుపాను మఱొకరీతి నడచెను. అది తుపానుగ బలపడదని తలచినది బలపడినది. పుదుచ్చేరి దగ్గఱ తీరముచేరి అచ్చటనే తడవుగ నిలిచి కురిసెను. రెండుదినములముందైనను గుండపు బలము మాఱవచ్చునని దీనివలన తెలియుచున్నది.

కావున నా మతమిది. ఏడెనిమిది దినములముందు "బంగాళాఖాతమున అల్పపీడనమునకు అవకాశము" అని విన్నప్పుడు, తప్పినను నష్టములేని పనులు చేయవలెను: మరువకు అడ్డమైన కంపతుమ్మ నఱుకుట, కాలువల పూడిక తీయుట, ఇసుకమూటలు సిద్ధపఱచుట, చేనికాయను కుప్పవేయుటకు ఎత్తుచోటు చూచుట. నాలుగైదు దినములముందు ఆ మాటయే మరల వినవచ్చి, జిల్లాపేరు కూడ చేరినయెడల, కాయను ఇల్లు చేర్పవచ్చును. బలహీనపుకట్టగల చెఱువైన నీటిపారుదల అధికారులతో నాలోచించి తూము కొలదిగ నెత్తవచ్చును. కట్ట గట్టిదైన మూడవనాటివఱకు వేచియుండుట మేలు. వదలిన నీరు తిరిగిరాదు.

సూచనలోని మాటలకు లెక్కలు గలవు. "భారీవర్షము" అనగా ఒకదినమున 64.5 మిల్లీమీటర్లు మొదలు 115.5 వఱకు; "అతిభారీ" అనగా 204.4 వఱకు, అంతకుమించినది "అత్యంతభారీ". "అక్కడక్కడ" అన్నచో నాలుగింట ఒకపాలు చోట్లకు మించదని భావము. మీ యూర చినుకు పడనంతమాత్రమున ఆ సూచన తప్పినట్లు కాదు.

వ్యవసాయసూచనలు మంగళ, శుక్రవారములందు వెలువడును. క్రొత్తది రాగానే పాతదానిని విడువవలెను. వర్షమానపు దినము ఉదయము ఎనిమిదిన్నరతో ముగియును గనుక 19వ తేది వర్షపాతమని ప్రకటించినది 18వ తేది ఉదయమునుండి కురిసినదని గ్రహింపుడు.