నీటి కోసం పుట్టి గాలి ఊదిన యంత్రం

రూట్స్ బ్లోయర్ పుట్టింది గాలి కోసం కాదు, నీటి కోసం. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో కానర్స్‌విల్ అనే చిన్న ఊళ్లో ఫిలాండర్, ఫ్రాన్సిస్ రూట్స్ అనే అన్నదమ్ములకు ఉన్ని మిల్లు ఉండేది. మిల్లును తిప్పే పాత నీటిచక్రం బదులు, ఒక పెట్టెలో రెండు చెక్క లోబ్‌లు పక్కపక్కన ఎదురెదురుగా తిరిగే కొత్త చక్రాన్ని చేసుకున్నారు. నీళ్లు తగిలాక చెక్క ఉబ్బి, లోబ్‌లు పెట్టెలో బిగుసుకుపోయాయి. వాటిని చెక్కి, వర్క్‌షాపులో ఉత్తినే తిప్పి చూస్తుంటే లోపలినుంచి కొట్టిన గాలికి మేస్త్రీ టోపీ ఎగిరిపడిందనీ, నీళ్లకన్నా ఊదడానికే ఇది బాగా పనికొస్తుందని ఆయనే అన్నాడనీ చెబుతారు. 1860లో అన్నదమ్ములకు పేటెంటు దక్కింది. తర్వాత చెక్క పోయి ఇనుము వచ్చింది. ఫౌండ్రీల్లో ఇనుము కరిగించే కొలుములకు, బొగ్గు గనుల్లో ఊపిరాడని సొరంగాలకు ఆ యంత్రమే గాలి అందించింది. 1870లో న్యూయార్క్ బ్రాడ్‌వే వీధి కింద ఆల్‌ఫ్రెడ్ బీచ్ సుమారు 95 మీటర్ల సొరంగం తవ్వి, గాలి ఒత్తిడితో బోగీని నెట్టి జనానికి చూపించినప్పుడు, ఆ గాలి కూడా ఈ అన్నదమ్ముల బ్లోయర్‌దే.

ఇంత పాత యంత్రం ఈనాటికీ ఎవరో ఒకరి ఇంటి షెడ్డులో కారు ఇంజన్ మీదికి ఎక్కుతూనే ఉంది. ఎందుకని వెతికితే నాకు ప్రతిసారీ ఒకే జవాబు కనిపిస్తుంది. బ్లోయర్ ఒక పని కోసం తయారవుతుంది, ఎవరో దాన్ని ఇంకో పనికి తీసుకుపోతారు. ఆ రెండు పనుల మధ్య అతికే ముక్క మాత్రం ఏ దుకాణంలోనూ దొరకదు. పలకో, బ్రాకెట్టో, పుల్లీయో, ఎవరికి వాళ్లు చేసుకోవాల్సిందే. పేటెంటు పుస్తకాల్లోకి ఎక్కని ఆ ముక్కల్లోనే ఈ యంత్రం చరిత్రలో సగం ఉంది.

ముందు అది పని చేసే తీరు చెప్పుకోవాలి. ఎనిమిది అంకె ఆకారంలో ఉన్న రెండు లోబ్‌లు ఎదురెదురుగా తిరుగుతాయి. అవి ఒకదాన్నొకటి తాకవు, పెట్టె గోడనూ తాకవు. చివరనున్న రెండు పళ్లచక్రాలే వాటిని వెంట్రుకవాసి ఎడంలో ఉంచుతాయి. లోబ్‌కీ గోడకీ మధ్య చిక్కిన గాలి గోడవెంట జరిగి అవతలి వైపు చేరుతుంది. చాలామంది అనుకునేట్టు లోపల గాలి నలగదు. గాలి సంచి అవతలి ద్వారం దగ్గర తెరుచుకోగానే, అప్పటికే అక్కడున్న ఒత్తిడి గాలి వెనక్కి దూసుకొచ్చి కొత్త గాలిని నొక్కుతుంది. బ్లోయర్ ఊళకూ, వేడికీ మూలం ఈ వెనుదాడే.

ఇంజన్‌లోకి మామూలుకన్నా ఎక్కువ గాలి తోయాలన్న ఆలోచన కూడా పాతదే. గాట్లీబ్ డైమ్లర్ 1885లోనే దానికి పేటెంటు తీసుకున్నాడు. 1921 బెర్లిన్ ప్రదర్శనలో మెర్సిడెస్ రూట్స్ తరహా కంప్రెసర్ ఉన్న కార్లను పెట్టింది. 1923లో మోంజాలో ఫియట్ గెలవడంతో గ్రాండ్ ప్రీ పందెంలో ఇలా గాలి తోసే సూపర్‌చార్జర్ ఉన్న కారు మొదటిసారి నెగ్గినట్టయింది. అవన్నీ కంపెనీల కథలు, డబ్బున్నవాళ్ల కథలు. మామూలు మనిషి చేతికి బ్లోయర్ వచ్చింది వేరే దారిలో.

1938లో జనరల్ మోటార్స్ 71 సిరీస్ డీజిల్ ఇంజన్లు తెచ్చింది. ఒక్కో సిలిండర్ 71 ఘనపు అంగుళాలు. ఆరు సిలిండర్లుంటే 6-71, మూడుంటే 3-71. ఇవి టూ స్ట్రోక్ ఇంజన్లు. గాలిని పీల్చడానికంటూ వీటికి విడిగా స్ట్రోక్ ఉండదు కాబట్టి, కాలిన పొగను తరిమి కొత్త గాలి నింపడానికి పక్కన రూట్స్ బ్లోయర్ తప్పనిసరి. అంటే అక్కడ బ్లోయర్ బలం పెంచే అలంకారం కాదు, అది లేకపోతే ఇంజన్ స్టార్టే కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుల్ని ఒడ్డుకు చేర్చిన పడవల్లో, ఎం4ఎ2 షెర్మన్ ట్యాంకుల్లో జంటగా, తర్వాత లారీల్లో, బస్సుల్లో ఈ ఇంజన్లు లెక్కలేనన్ని నడిచాయి. యుద్ధం అయిపోయాక వాటి బ్లోయర్లు పాత సామాన్ల కొట్లలో చవగ్గా దొరికాయి.

దక్షిణ కాలిఫోర్నియాలో కుర్రాళ్లు అప్పటికే ఎల్ మిరాజ్, మ్యూరాక్ లాంటి ఎండిపోయిన చెరువు నేలల మీద పాత ఫోర్డులను పరిగెత్తిస్తున్నారు. వాళ్లలో బార్నీ నవారో 1940ల చివర్లో 3-71 బ్లోయర్‌ను ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్ వి8 మీద కూర్చోబెట్టాడు. డీజిల్ ఇంజన్ పక్కన వేలాడాల్సిన వస్తువును పెట్రోలు ఇంజన్ నెత్తిమీద పెట్టాలంటే కింద గాలిని సిలిండర్లకు పంచే మానిఫోల్డ్, ముందు పుల్లీలు, పైన కార్బ్యురేటర్ల పలక, అన్నీ కొత్తగా కావాలి. అతను వి-బెల్టులను వరసగా వేసి తిప్పాడు. ఆ తర్వాతి వాళ్లకు పళ్ల బెల్టు కలిసొచ్చింది. అదీ అరువు సరుకే. కుట్టుమిషన్‌లో పైన సూదీ కింద దారమూ ఒకే లయలో నడవడానికి 1940ల్లో రూపుదిద్దుకున్న బెల్టు అది. 6-71 అన్న పేరు డీజిల్ ఇంజన్‌ని వదిలి బ్లోయర్‌కే ఇంటిపేరుగా మిగిలిపోయింది. ఈనాటి డ్రాగ్ రేసుల్లో 14-71 అని పిలిచే బ్లోయర్ ఉంది కానీ, దానికి సరిపడా పద్నాలుగు సిలిండర్ల డీజిల్ ఎప్పుడూ లేదు.

ఇప్పటి ఇంటి షెడ్డుల్లో కనిపించేవాటిలో ఒకటి ఈటన్ ఎం90. 1989 ఫోర్డ్ థండర్‌బర్డ్ సూపర్ కూపేలోనూ, 1990ల నడిమి నుంచి జనరల్ మోటార్స్ 3800 వి6 లోనూ వచ్చింది. ఒక చుట్టుకు 90 ఘనపు అంగుళాలు, అంటే దాదాపు 1.5 లీటర్ల గాలి తోస్తుంది. అమెరికా తుక్కు యార్డుల్లో ఇలాంటివి దొరుకుతాయి. దాన్ని వేరే ఇంజన్‌కి తగిలించాలనుకున్న రోజు నుంచి పని బ్లోయర్‌తో కాదు, లోహంతో.

మొదటి కొలత అట్టముక్క మీదే. బ్లోయర్‌ను బోల్టులతో బిగించే అంచు, అంటే ఫ్లేంజ్ మీద అట్ట పెట్టి, గుండ్రటి తలున్న సుత్తితో అంచుల వెంట మెల్లగా తడితే బోల్టు రంధ్రాలూ గాలి దారులూ అట్టలో దిగుతాయి. మన మెకానిక్‌లు గాస్కెట్ కోసుకునేది ఇలాగే. ఆ అట్టను అల్యూమినియం పలక మీద పరిచి, సెంటర్ పంచ్‌తో గుర్తులు కొట్టి, డ్రిల్లు వేసి, అంచులు ఆకురాయితో సవరిస్తారు. పలక మందం దగ్గర పిసినారితనం పనికిరాదు. వంగకుండా నిలిచే బిగువు మందానికి ఘనంగా పెరుగుతుంది కాబట్టి, 10 మిల్లీమీటర్ల పలక బదులు 12.5 తీసుకుంటే బిగువు దాదాపు రెట్టింపవుతుంది. పెరిగే బరువు పావు వంతే.

మానిఫోల్డ్‌కి అతుకులు వేయాలంటే ఆర్గాన్ వెల్డింగ్ కావాలి. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. దాని ఒంటిమీద ఎప్పుడూ ఉండే ఆక్సైడ్ పొర మాత్రం 2,000 డిగ్రీలు దాటితే గానీ కరగదు. మామూలుగా మంట పెడితే లోపలి లోహం జారిపోతుంది, పై పొర సంచిలా నిలిచిపోతుంది. అందుకే ఏసీ కరెంటుతో వెల్డింగ్ చేస్తారు. కరెంటు ఒక దిశలో పారినప్పుడు ఆక్సైడ్‌ను చీల్చి ఊడ్చేస్తుంది, మరో దిశలో లోహానికి వేడి అందిస్తుంది. కంటికి కనిపించే ఆ తెల్లని మెరుపులో ఈ రెండు పనులూ సెకనుకు పదులసార్లు మారుతుంటాయి. నేనైతే దీన్ని ఇంజన్ అంత గొప్ప ఆవిష్కరణగానే లెక్కవేస్తాను.

వెల్డింగ్ ముందు లోహాన్ని తుడిచే ద్రవం విషయంలో ఒక ప్రాణాపాయం ఉంది. కొన్ని బ్రేక్ క్లీనర్లలో క్లోరిన్ సమ్మేళనాలుంటాయి. అవి ఆరకుండా వెల్డింగ్ మొదలుపెడితే, ఆ వేడికీ అతినీలలోహిత కాంతికీ ఫాస్జీన్ పుట్టవచ్చు. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో మనుషుల్ని చంపిన విషవాయువు అది. తుడవడానికి అసిటోన్ వాడి, అది పూర్తిగా ఆరాకే మంట ముట్టించాలి.

వెల్డింగ్ వేడికి ఫ్లేంజ్ మెలితిరుగుతుంది. అందుకని దాన్ని మందపాటి ఇనుప దిమ్మెకు బోల్టులతో బిగించి, అటు కొంచెం ఇటు కొంచెం అతుకులు వేస్తారు. చల్లారాక మందమైన అద్దం మీద గరుకు కాగితం పరిచి రుద్ది చదును చేస్తారు. 6061-టి6 లాంటి అల్యూమినియం మిశ్రమం అతుకు పక్కన తన గట్టిదనాన్ని చాలావరకు పోగొట్టుకుంటుందని కూడా మరిచిపోకూడదు. బెల్టు లాగే బరువు మోసే బ్రాకెట్టును వీలైతే ఒకే పలకలోంచి కోయడం అందుకే మేలు.

బెల్టు లాగే బరువెంతో లెక్కకట్టవచ్చు. ఎం90 నిమిషానికి 12,000 చుట్లు తిరిగితే సెకనుకు 200 చుట్లు, 300 లీటర్ల గాలి. దాన్ని అర బార్ ఒత్తిడికి ఎదురుగా నెట్టడానికి కనీసం 15 కిలోవాట్లు, అంటే ఇరవై హార్స్‌పవర్ కావాలి. బేరింగులు, కారుడు కలిపితే ఇంకా ఎక్కువ. 70 మిల్లీమీటర్ల పుల్లీ మీద ఆ శక్తి దాదాపు 35 కిలోల లాగుడుగా పడుతుంది. బిగువైన వైపుకీ వదులైన వైపుకీ మధ్య తేడాయే అంత. బెల్టు జారకుండా ముందే బిగించిన బిగువు దీనికి అదనం. బ్రాకెట్ సన్నగా ఉంటే యాక్సిలరేటర్ తొక్కగానే వంగుతుంది, పుల్లీల వరస తప్పుతుంది, బెల్టు అంచు నలిగి ఊడిపోతుంది. ఇంట్లో చేసిన సూపర్‌చార్జర్లను రోడ్డు మీద ఆపేవాటిలో ఇలాంటి బెల్టు తంటాలూ ఉంటాయి.

తర్వాతి శత్రువు వేడి. 20 డిగ్రీల గాలిని ఒకటిన్నర రెట్ల ఒత్తిడికి తెస్తే, ఏ నష్టమూ లేని ఆదర్శ యంత్రంలో కూడా అది 56 డిగ్రీలకు చేరుతుంది. 60 శాతం సామర్థ్యమున్న బ్లోయర్‌లో 80. వేడెక్కిన గాలి పలచబడుతుంది గనక, ఒత్తిడి సగం పెరిగినా గాలి బరువు పెరిగేది పావు వంతే. పైగా ఆ వేడి సిలిండర్‌లో పెట్రోలును అదును తప్పి పేలుస్తుంది. అదే నాక్. పిస్టన్ తలలో రంధ్రం పడేది దానివల్లే. బ్లోయర్ కింద నీళ్లు పారే చిన్న రేడియేటర్‌ను ఇరికించడానికి మానిఫోల్డ్‌ను ఎత్తు పెంచి చేసుకునేవాళ్లున్నారు. వాళ్ల శ్రమకు కారణం ఈ లెక్కే.

ఇంకో ముక్కను మాత్రం ఎవరూ వదిలేయకూడదు. కార్బ్యురేటర్ బ్లోయర్ పైనుంటే, కింద మానిఫోల్డ్ నిండా పేలడానికి సిద్ధంగా ఉన్న పెట్రోలు, గాలి మిశ్రమమే. ఇంజన్ ఒక్కసారి వెనక్కి తన్నిందంటే ఆ మొత్తం అంటుకుని బ్లోయర్‌ను బోల్టులతో సహా లేపేస్తుంది. అందుకే మానిఫోల్డ్ గోడలో స్ప్రింగుతో మూసి ఉండే కవాటమో, ముందుగా పగిలే పలుచని రేకో పెడతారు. డ్రాగ్ రేసుల్లో బ్లోయర్‌ను పట్టీలతో కట్టాలన్న నిబంధన దెబ్బలు తిన్నాకే వచ్చింది.

అన్నీ బిగించాక దారులన్నీ మూసి, కొద్దిపాటి ఒత్తిడి గాలి నింపి, పంక్చర్ షాపులో ట్యూబును చూసినట్టు సబ్బునీళ్లతో అతుకులు చూస్తారు. ఆ తర్వాత అందరి కళ్లూ మానిఫోల్డ్‌లోని అదనపు ఒత్తిడిని చూపే బూస్ట్ మీటర్ మీదే. ఆ ముల్లు చూపించేది బ్లోయర్ ఇచ్చిన గాలిని కాదు, ఇంజన్ మింగలేక మిగిల్చిన గాలిని. సిలిండర్ హెడ్‌లో గాలి దారులు వెడల్పు చేస్తే అదే బ్లోయర్‌తో బూస్ట్ తగ్గుతుంది, బలం పెరుగుతుంది. తెలిసినవాళ్లు అందుకే ముల్లు తగ్గిందని కంగారుపడి పుల్లీ మార్చరు. 75 మిల్లీమీటర్ల పుల్లీని లేత్ మీద 70కి దించితే బ్లోయర్ ఏడు శాతం వేగంగా తిరుగుతుంది. వేడీ, బెల్టు మీద బరువూ దాంతోపాటే పెరుగుతాయి. కాబట్టి లేత్ దగ్గరికి వెళ్లేముందు వాళ్లు గాలి వేడిని కొలుస్తారు, స్పార్క్ ప్లగ్గులు విప్పి పింగాణీ మీద నాక్ మచ్చలున్నాయేమో చూస్తారు.