కొత్త బ్రౌజరు – పాత ఉత్తరాలపెట్టె

బ్రౌజరును కొత్త రూపానికి మార్చుకొన్న మరునాడే, అంతవరకు చక్కగా నడిచిన ఈ-మెయిలు మొరాయించడం చాలామందికి అనుభవమే. ఉత్తరాలు చెక్కుచెదరలేదు. వాటిని భద్రపరిచే సర్వరును ఎవరూ ముట్టుకోలేదు. మరి లోపమెక్కడ? మైక్రోసాఫ్ట్ సంస్థ రూపొందించిన 'ఔట్‌లుక్ వెబ్ యాక్సెస్' చరిత్రను పరిశీలిస్తే ఈ ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది.

కార్యాలయాల ఉత్తరప్రత్యుత్తరాలను 'ఎక్స్ఛేంజ్' అనే సర్వరు నిర్వహిస్తుంది. ఉద్యోగులు ఎక్కడినుండైనా బ్రౌజరులోనే వాటిని చదువుకొనేందుకు ఏర్పడినదే ఈ వెబ్ యాక్సెస్. పేజీ మొత్తాన్ని మళ్ళీ తెప్పించుకోకుండా, కొత్త సమాచారాన్ని మాత్రమే సర్వరునుండి రప్పించుకొనే ఉపాయాన్ని దీని నిర్మాతలే కనిపెట్టారు. అది 1999 మార్చిలో వెలువడిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5లో చేరింది. అనంతర కాలంలో జీమెయిల్ వంటివి ఆ ఉపాయం మీదనే ఆధారపడ్డాయి. ఉత్తరాల కోసం పుట్టిన యుక్తి వెబ్ స్వరూపాన్నే మార్చివేయడం విశేషం. అయితే, ఆ బ్రౌజరుతో కుదిరిన అతి చనువే ఈ సాఫ్ట్‌వేరుకు చిక్కులు తెచ్చిపెట్టింది.

2003 నాటి ఎక్స్ఛేంజ్‌లో ఉత్తరం వ్రాసే గడి బ్రౌజరుకు చెందినది కాదు. అక్షరాలను లావుగానో, రంగులలోనో తీర్చుకొనే పనిని విండోస్‌తో పాటు వచ్చే ఒక చిన్న 'యాక్టివ్‌ఎక్స్' ఉపకరణం నిర్వహించేది. భద్రతా కారణాలవల్ల 2007లో ప్రజలకు అందిన విండోస్ విస్టాలో మైక్రోసాఫ్ట్ ఆ ఉపకరణాన్ని తొలగించింది. ఇక చూడండి! విస్టాలోని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 7లో వచ్చిన ఉత్తరాలన్నీ కనిపించేవి. జవాబు వ్రాయబోతే మాత్రం ఆ గడిలో ఎర్రని ఇంటూ గుర్తు ప్రత్యక్షమయ్యేది. చదువరికి నోరు కట్టివేసినట్లయింది. నివారణ వాడుకరి చేతిలో లేదు. సర్వరు నిర్వాహకుడు ప్రత్యేకమైన సవరణను స్థాపించవలసి వచ్చింది. ఆ సవరణ పాత ఉపకరణాన్ని విడిచి, బ్రౌజరుకే ఉన్న వ్రాత శక్తిని వినియోగించుకొంది.

రెండవ చిక్కు మరింత విచిత్రమైనది. బ్రౌజరు ఏ పేజీని అడిగినా, తానెవరో తెలిపే ఒక పరిచయవాక్యాన్ని సర్వరుకు పంపుతుంది. అందులో 'ఎమ్మెస్ఐఈ' అనే అక్షరాలుంటే, వచ్చినది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అని పాత సర్వర్లు గ్రహించి, సకల సౌకర్యాలు గల రూపాన్ని ఇచ్చేవి. ఆ అక్షరాలు చూసి కొన్ని వెబ్‌సైట్లు కాలం చెల్లిన సంకేతాలను పంపుతున్నందున, 2013లో వచ్చిన 11వ రూపం వాటిని విడిచిపెట్టింది. దానితో 2007 నాటి ఎక్స్ఛేంజ్ సొంత ఇంటి బిడ్డనే పోల్చుకోలేక, పరాయివారికిచ్చే 'లైట్' రూపాన్ని చేతిలో పెట్టింది. బ్రౌజరు శక్తి పెరిగింది. ఇంటిపేరు చెప్పలేదన్నదే దాని నేరం! సైటును 'కంపాటిబిలిటీ వ్యూ' జాబితాలో చేరిస్తే బ్రౌజరు తన పాత పేరు చెప్పుకొనేది, తలుపులు తెరుచుకొనేవి.

ఇక్కడ తప్పును కొత్త బ్రౌజరు మీదికి నెట్టడం న్యాయం కాదు. 'నీ పేరేమి?' అని కాక 'ఈ పని నీకు చేతనవునా?' అని అడిగి ఉంటే రెండవ ఇబ్బంది తలెత్తేదే కాదు. బ్రౌజరును మార్చకుండా ఉండిపోదామంటే, భద్రతా సవరణలు అందని రోజున ఉత్తరాలకే ముప్పు. సర్వరును మార్చుదామంటే ఖర్చు. చిన్న కార్యాలయాలకు అది తేలికైన పని కాదు. 2003 ఎక్స్ఛేంజ్‌కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్‌లోను, 2007 నాటి దానికి 2017 ఏప్రిల్‌లోను ముగిసిపోయింది. 2022 జూన్ 15న ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ సైతం విశ్రమించింది. అయినా దానినే నమ్ముకొన్న పాత సైట్ల కోసం 'ఎడ్జ్' బ్రౌజరులో ఒక ప్రత్యేక విధానాన్ని కనీసం 2029 వరకు కొనసాగిస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది.