బొట్టు గుండ్రంగా ఉందా?

మీ అభిమాన హీరో పాత పాటలో ఉన్నట్టుండి లావెక్కి కనిపిస్తున్నారా? హీరోయిన్ గారి బొట్టు పక్కకి పడుకోబెట్టిన కోడిగుడ్డులా ఉందా? పాపం, వాళ్ళ తప్పేం లేదు! డీవీడీలోంచి ఆ పాటను కోసి యూట్యూబ్‌లోకి ఎక్కించిన వీరాభిమాని చేతి చలవ అది. అభిమానం మంచిదే. కాకపోతే బొమ్మని కోసేముందు కాస్త లెక్క తెలియాలి.

1974లో వచ్చిన కృష్ణ చిత్రం 'అల్లూరి సీతారామరాజు' తెలుగులో తొలి సినిమాస్కోప్ అని మీకు తెలిసిందే. స్కోప్ కెమెరా లెన్సు బొమ్మని అడ్డంగా సగానికి నొక్కి ఫిల్ము మీద వేస్తుంది. ఆ రీలు చేత్తో పట్టుకుని చూస్తే మనుషులంతా తాటిచెట్లే! హాల్లో ప్రొజెక్టరు లెన్సు దాన్ని మళ్ళీ రెండింతలు విప్పుతుంది. అప్పుడు వెడల్పు, ఎత్తుకి దాదాపు 2.35 రెట్లు అవుతుంది.

డీవీడీదీ ఇలాంటి గారడీయే. మన దూరదర్శన్ నడిచిన పాల్ పద్ధతిలో అడ్డంగా 720 చుక్కలు, నిలువున 576 గీతలు. (అమెరికా డిస్కు అయితే 480 గీతలు, ఆ లెక్క వేరు.) పాత టీవీ తెర పాళ్ళు 4కి 3. కంప్యూటర్లో చుక్క చతురస్రం కాబట్టి ఆ పాళ్ళు నిలవాలంటే అడ్డం 768 చెయ్యాలి. చెయ్యకపోతే అందరూ కొంచెం చిక్కుతారు. అదే బొమ్మని 16కి 9 తెర నిండా లాగారో, ఒక్కొక్కరూ మూడోవంతు లావెక్కుతారు!

అసలు పేచీ ఇంటర్లేస్‌తో. ఒక్కో ఫ్రేములో రెండు ఫీల్డులుంటాయి. బేసి గీతలదొకటి, సరి గీతలదొకటి. సెకనుకి మొత్తం 50. వీడియో కెమెరాతో తీసిన స్టేజి ప్రోగ్రాం అయితే ఈ రెండిటి మధ్యా సెకనులో 50వ వంతు తేడా ఉంటుంది. డాన్సరు చెయ్యి విసిరిందంటే అంచున దువ్వెన పళ్ళు లేస్తాయి. అలాగే ఉంచి ఎత్తు తగ్గించారనుకోండి, రెండు క్షణాలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి దయ్యం చెయ్యొకటి తోడొస్తుంది. తర్వాత ఎవరూ విడదీయలేరు. అందుకని ముందు డీఇంటర్లేస్, ఆ తర్వాతే సైజు.

సినిమా సంగతి కొంచెం నయం. రెండు ఫీల్డులూ చాలామటుకు ఒకే ఫిల్ము ఫ్రేములోంచి వస్తాయి కాబట్టి జత చేస్తే చాలు. అనవసరంగా డీఇంటర్లేస్ చేస్తే నగల మెరుపు పోతుంది. ఒక ఫైటు సీను దగ్గర ఆపి, ఒక్కో ఫ్రేమూ జరిపి చూడండి, పళ్ళున్నాయో లేవో తెలుస్తుంది. అన్నట్టు, 24 ఫ్రేముల సినిమాని పాల్‌లో 25గా పరుగెత్తిస్తారు. రెండున్నర గంటల చిత్రం ఆరు నిమిషాలు ముందే 'శుభం' అనేది అందుకే!

ఇక కోత. 4కి 3 డిస్కులో స్కోప్ బొమ్మ ఎత్తు సుమారు 328 గీతలే, మిగతావి నల్ల పట్టీలు. పైన 124, కింద 124 కొయ్యండి. 123 ఎందుకు కాదు? పైన బేసి లెక్కన కోస్తే సరి గీత బేసి చోటికి ఎక్కుతుంది. ఫీల్డుల వరస తప్పి, దౌడు తీసే గుర్రం అడుగు ముందుకీ అడుగు వెనక్కీ వేస్తుంది! రంగుల్ని కూడా గీతలు పంచుకుని వాడుకుంటాయి కనుక నాలుగేసి చొప్పున కొయ్యడం క్షేమం. మిగిలిన 720, 328ని 768, 328 చేస్తే బొట్టు గుండ్రం. అనుమానముంటే ఎదురుగా తీసిన క్లోజప్ దగ్గర ఆపి స్కేలు పెట్టి కొలుచుకోండి.

"పైనా కిందా ఖాళీ ఎందుకండీ, తెర నింపేస్తే పోలా?" అంటారు కొందరు. నింపాలంటే పక్కలు కొయ్యాలి. 16కి 9 తెరకైతే పావు వంతు వెడల్పు ఎగిరిపోతుంది, పాత టీవీ తెరకైతే నూటికి 43 పాళ్ళు! హీరో ఈ చివర, విలన్ ఆ చివర నిలబడి సవాలు విసురుకునే సీనులో, మధ్యలో ఉన్న ఖాళీ కుర్చీ ఒక్కటే మిగులుతుంది.